బడి లైబ్రరీకి ఒక మనిషి కావాలా?

అక్క: మీ సర్కారు బడిలో పుస్తకాలున్నాయి. గది ఉంది. పిల్లలున్నారు. ఏ పుస్తకం ఏ పిల్లవాడి చేతిలో పడాలో రోజంతా ఆలోచించే మనిషి మాత్రం లేడు. నేననేది అంతే తమ్ముడూ. ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులున్న ప్రతి బడిలోనూ ఒక లైబ్రేరియన్ ఉండాలి. లీజర్ పీరియడులో వచ్చి తాళం తీసే టీచరుతో ఆ పని జరగదు.

తమ్ముడు: ఉండాలని నువ్వనుకుంటే సరిపోదక్కా. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడు. ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలి, అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలూ ఉండాలి అని రాశారు. ఆరు నుంచి ఎనిమిదికి సైన్సు, లెక్కలకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి అన్నారు. పిల్లలు వంద దాటితే బొమ్మలకూ ఆటలకూ చేతిపనులకూ పార్ట్‌టైం వాళ్లుండాలన్నారు. లైబ్రేరియన్ ఊసే లేదు. 2025 ఏప్రిల్‌లో మన ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. ఎస్జీటీలు, స్కూల్ అసిస్టెంట్లు, పీఈటీలు, టీజీటీ, పీజీటీలు, ప్రిన్సిపాళ్లు కూడా ఉన్నారు. లైబ్రేరియన్ అన్న పోస్టు ఒక్కటీ లేదు. నువ్వడిగే మనిషి రాడు. రాని మనిషి కోసం పిల్లలను కూర్చోబెట్టడం నాకిష్టం లేదు.

అక్క: రాడని తెలిసినంత మాత్రాన అక్కర్లేదని ఎట్లా అవుతుంది? కేంద్రీయ విద్యాలయంలో లైబ్రేరియన్ పోస్టు ఉంది. నవోదయలో ఉంది. బనవాసి నవోదయలో ఆరో తరగతి చదివే పిల్లవాడికి కావలసిన మనిషి, ఉయ్యాలవాడ మండలంలో ఆరో తరగతి చదివేవాడికి ఎందుకు అక్కర్లేదో చెప్పు. ఇద్దరి వయసూ ఒకటే. ఇంటి దగ్గర పుస్తకం లేనిది ఎక్కువగా రెండో పిల్లవాడికే.

తమ్ముడు: ఆ లెక్కన నీ బడిలో మనిషి ఉంది, నా బడిలో అవసరం ఉంది. నువ్వు పనిచేసేది ఫీజు కట్టి చదివే పిల్లల మధ్య. తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు గనక మీ కరస్పాండెంట్ నిన్ను లైబ్రేరియన్‌గా పెట్టుకున్నాడు. నిన్ను తక్కువ చేసి అనడం లేదక్కా, జరిగేది చెప్తున్నా.

అక్క: నిజమే చెప్తున్నావు. నన్ను తీసుకున్నది తనిఖీ కోసమే. అయినా రోజూ తలుపు తెరిచి కూర్చునేది నేను గదా. తనిఖీ ఏడాదికి ఒక పూట. మిగిలిన రోజులన్నీ పిల్లలవి.

తమ్ముడు: సరే, నా బడిలో ఏం జరుగుతోందో విను. లైబ్రరీ చార్జి నామీద పడినప్పుడు రెండు స్టీలు బీరువాలు, ఒక స్టాక్ రిజిస్టరు చేతికిచ్చారు. రిజిస్టరులో ఉన్న పుస్తకం బీరువాలో లేకపోతే నేనే జవాబు చెప్పుకోవాలి. ప్రతి ఊళ్లోనూ పుస్తకాలు తాళాల వెనక ఎందుకున్నాయంటే ఈ భయం వల్లనే. టీచరుకు పుస్తకం మీద ప్రేమ లేక అనుకోవడం తప్పు. పోయిన పుస్తకానికి తన జీతంలో కోత పడుతుందేమోనని అతను తాళం వేస్తాడు. నేను తీసేశాను. తరగతి గదుల్లో గోడకూ గోడకూ మధ్య తాళ్లు కట్టి పుస్తకాలను మధ్యకు తెరిచి వేలాడదీశాను. రాసేది లేదు, అడిగేది లేదు. పిల్లవాడికి కావలసినప్పుడు తీసుకుంటాడు, చదివి వేస్తాడు. ఏడో తరగతి పిల్లలే వారానికి ఇద్దరు చొప్పున చూసుకుంటారు. కొన్ని పోయాయి. పోనీ. పోయిన పుస్తకం ఎవరింట్లోనో ఉంటుంది. ఆ ఇంట్లో అదొక్కటే పుస్తకం అయ్యుంటుంది.

అక్క: ఆ చివరి మాటకు నీకు దండం పెట్టాల. పుస్తకం పోవడం గురించి భయపడనక్కర్లేదని కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు కూడా చెప్తాయి. 2017 నియమావళి 215వ నియమంలో ఉంది: ఏడాదిలో ఇచ్చిన వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే, మోసమూ నిర్లక్ష్యమూ లేనప్పుడు, అది సహజమేనని. కేంద్ర సంస్థలకున్న ఆ వెసులుబాటును మన పల్లె బడులకూ రాసిస్తే సగం బీరువాలు తెరుచుకుంటాయి. కానీ రిజిస్టరు తీసేయడం మాత్రం ఒప్పుకోను. నువ్వు దాన్ని ఆస్తి లెక్కగా చూస్తున్నావు. నాకు అది ఒక్కొక్క పిల్లవాడి చదువు నడిచిన దారి. మా బడిలో ఏడో తరగతి పిల్లవాడొకడున్నాడు, శిల్పుల ఇంటివాడు. ఆళ్లగడ్డలో రాయి చెక్కే వీధులు నీకు తెలుసు గదా. వాడు లైబ్రరీ పీరియడులో బొమ్మలు తిప్పి పుస్తకం మూసేసేవాడు. రిజిస్టరు తిరగేస్తే కనిపించింది, తీసుకున్నవన్నీ గుళ్ల బొమ్మలున్న పుస్తకాలే. హంపి, లేపాక్షి, మహాబలిపురం. చదవడం రాక బొమ్మలు చూస్తున్నాడనుకున్నాం మేమంతా. వాడు చూస్తున్నది విగ్రహం చేతివేళ్లు ఎట్లా చెక్కారని. వాళ్ల నాయన దగ్గర నేర్చుకుంటున్న పనికీ ఈ బొమ్మకూ ఉన్న తేడాను పట్టుకుంటున్నాడు. ఆ సంగతి తెలిసినాక ముందు బొమ్మ కింద రాసిన రెండు వరుసలు చదివించాను, తర్వాత పేజీ, తర్వాత గుడి కట్టించిన రాజు కథ. నీ తాడు మీద వేలాడే పుస్తకానికి వాడెవడో తెలియదు.

తమ్ముడు: తెలియకపోవడమే కొందరికి మేలు. నా బడిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉంది. గుణింతాల దగ్గరే తడబడుతుంది. అందరి ముందూ లైబ్రేరియన్ దగ్గరికి పోయి రెండో తరగతి బొమ్మల పుస్తకం రాయించుకోమంటే చచ్చినా పోదు. తాడు మీద నుంచి తీసుకుని మూలకు పోయి చదువుకుంటుంది. పేరు రాసేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. నీ రిజిస్టరు ఆ పిల్లను బయట పెట్టేస్తుంది.

అక్క: ...అది నేను ఆలోచించాల్సిన మాటే. మా బడిలో అట్లాంటి పిల్లలు నా దగ్గరికి రారు. రానివాళ్ల పేరు రిజిస్టరులో ఉండదు. అందరూ వెళ్లిపోయాక అడుగుతారేమోనని సాయంత్రం గది తెరిచి పెడతాను గానీ, ఊరి బస్సు పోతుందని వాళ్లు ముందే పరిగెత్తుతారు. ఒప్పుకుంటున్నాను. ఎవరూ చూడని చోటు ఒకటి ఉండాలి.

తమ్ముడు: ఇంకొకటి కూడా ఒప్పుకో. నీదీ నాదీ కాని అసలు కష్టం వేరే ఉంది. 2022లో అసర్ సర్వే వాళ్లు దేశమంతా పల్లెల్లో తిరిగి చూస్తే, అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 42.8 మంది. 2018లో 50.5 ఉండేది. కరోనా రెండేళ్లు అట్లా దెబ్బ కొట్టాయి. ఆ పిల్లలే తర్వాతి ఏడాది ఆరో తరగతిలో నా ముందు కూర్చున్నారు. వాళ్లకు కావలసింది ముందు చదవడం నేర్పే టీచరు. ఒక కొత్త పోస్టు ఇస్తామని ప్రభుత్వం అంటే నేను ఆ టీచరునే అడుగుతాను. లైబ్రేరియన్‌ను అడగను. చదవలేనివాడికి లైబ్రరీ ఏం చేస్తుంది?

అక్క: నువ్వు ఆ టీచరును అడుగు, నేను కాదనను. కానీ చదవడం వచ్చి మానేసేవాళ్ల సంగతేంది? నూటికి నలభై మూడు మంది అన్నావే, వాళ్లు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పాఠ్యపుస్తకం తప్ప ఏదీ ముట్టుకోరు. పదకొండు నుంచి పదమూడు, ఆ మూడేళ్లలోనే పోతుంది చదివే అలవాటు. కారణం నాకు రోజూ కనిపిస్తుంది. కాకి, నక్క కథలు వాళ్లకు చిన్నవైపోయాయి. పెద్దల నవలలు ఇంకా అందవు. ఆ మధ్య వయసుకు తెలుగులో రాసినవి ఎంత తక్కువో కొనడానికి పోతే తెలుస్తుంది. 1947లో మొదలైన చందమామ మనింట్లో నాయన చదివేవాడు, తర్వాత నేను, తర్వాత నువ్వు. అది ఆగిపోయి పదేళ్లు దాటింది. దానికి బదులు ఏమిస్తాం? నేను వెతుక్కుంటాను. జపాను పిల్ల తోతోచాన్ కథ తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది, అది ఆరో తరగతికి పట్టుకుంటుంది. 'బుడుగు' ఏడో తరగతికి ఇస్తే సగం మందికి అర్థం కాదు, ఆ ఇళ్లూ ఆ పక్కింటివాళ్లూ వాళ్లకు తెలియదు. మన సీమలోనే పుట్టిన 'కొత్తపల్లి' పిల్లల పత్రిక పాత సంచికలు అచ్చు వేయించి కుట్టి పెట్టాను, వాటిల్లో పిల్లలే రాసిన కథలున్నాయని తెలిసి ఎగబడ్డారు. నామిని కథ ఒకటి ఎనిమిదో తరగతికి చదివి వినిపించాను. చిత్తూరు పక్క మాట పుస్తకంలో వినేసరికి, 'మేడం, మనం మాట్లాడినట్టు కూడా రాయొచ్చా' అని అడిగారు. ఈ ఎంపిక ఎవరు చేస్తారు? పైనుంచి కట్టలు కట్టి పంపే జాబితా చేస్తుందా?

తమ్ముడు: పైనుంచి వచ్చే కట్టల సంగతి నన్నడుగు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి లైబ్రరీకి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇవ్వాలి. ఆ డబ్బు బడి చేతికి వస్తే నేనే నంద్యాలకు పోయి కొంటాను. పుస్తకాలుగా వస్తే వచ్చినవే దిక్కు. అందుకే చెప్తున్నా, కొత్త మనిషి కన్నా ముందు కొనే అధికారం బడికి కావాలి. పుస్తకాలు ఎంచడం భాషా పండితుడు చేయలేని పనా? నేను తెలుగు మేష్టరును. పిల్లల నోట్లో ఏ మాట తిరుగుతుందో, ఏ వాక్యం దగ్గర ఆగిపోతారో నీకంటే నాకే బాగా తెలుసు.

అక్క: తెలుసు. కానీ నువ్వు మార్కులు వేస్తావు.

తమ్ముడు: అంటే?

అక్క: బడిలో పిల్లవాడు ఎదురుపడే ప్రతి పెద్దమనిషీ వాణ్ని కొలుస్తాడు. లెక్కల సారు, ఇంగ్లీషు మేడం, నువ్వు, హెడ్మాస్టరు, పీఈటీ కూడా. వాడు పుస్తకం గురించి నీతో మాట్లాడేటప్పుడు జవాబు చెప్తాడు. నాతో మాట్లాడేటప్పుడు మాట్లాడతాడు. 'బాగలేదు మేడం, సగంలో మానేసినా' అని నాతో అనగలడు. నీ ముందు అనడు, నువ్వెంత మంచివాడివైనా. చదవడం ఇష్టం కావాలంటే మానేసే హక్కు ఉండాలి. ఆ హక్కు ఇవ్వగలిగిన మనిషి బడిలో ఒక్కరన్నా ఉండాలి. నేను లైబ్రేరియన్‌ను అడగడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

తమ్ముడు: ఈ మాటను నేను కొట్టేయలేను. నా పిల్లలు నాకు నచ్చుతుందనుకున్న పుస్తకమే తెచ్చి చూపిస్తారు. కానీ మార్కులు లేవు గనకనే నీ పీరియడుకు విలువ లేకుండా పోతోంది. క్వార్టర్లీ పరీక్షలు వస్తున్నాయంటే ముందు పోయేది లైబ్రరీ పీరియడే. నువ్వే చెప్పావు, ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని పెట్టి నీ పీరియడు లెక్కలకిచ్చారని. ఆ రోజు నువ్వేం చేశావు?

అక్క: అట్టలు వేసుకుంటూ కూర్చున్నా. ఇంకో రోజు ఆఫీసులో ఫీజు రసీదులు రాయమన్నారు, రాశా. టీచరు సెలవు పెడితే ఆ తరగతికి నన్నే పంపుతారు. అడ్మిషన్ల రోజుల్లో ఇల్లిల్లూ తిరగడానికి కూడా.

తమ్ముడు: చూశావా? నువ్వు సబ్జెక్టు టీచరువైతే ఎవరూ అట్లా తిప్పరు. నాది టీచరు కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని లైబ్రరీ నడిపితే హెడ్మాస్టరు నా పీరియడు తీసుకోలేడు. తెలుగు పీరియడునే లైబ్రరీ పీరియడు చేస్తాను, ఎవరడుగుతారు? బలహీనమైన కుర్చీలో కూర్చోబెట్టి గట్టి పని చేయమంటే ఎట్లా జరుగుతుంది? రంగనాథన్ కథ నీకు తెలిసిందే గదా.

అక్క: నువ్వు ఆయన పేరెత్తుతావని అనుకోలేదు. చెప్పు.

తమ్ముడు: మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మేష్టరు. 1924 జనవరిలో యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాడు. కొద్ది రోజులకే ఆ ఒంటరి గదిలో పని లేక ఊపిరాడక, మళ్లీ లెక్కలు చెప్పుకుంటానని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయాడు. లండన్ పోయి లైబ్రరీ శాస్త్రం చదివి రా, అప్పటికీ నచ్చకపోతే నీ ఉద్యోగం నీకే అన్నారు. అంత పెద్దమనిషికే మొదట ఆ కుర్చీ శిక్ష లాగా అనిపించింది. బడిలో ఒంటరిగా కూర్చున్న నువ్వెంత?

అక్క: కథ అక్కడ ఆపేస్తే ఎట్లా? లండన్ నుంచి వచ్చినాక ఆయన మళ్లీ లెక్కల వైపు పోలేదు. 1931లో ఆయన రాసిన అయిదు సూత్రాలు ఈనాటికీ లోకమంతా చదువుతుంది. పుస్తకాలు వాడకం కోసమే, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి సమయం వృథా కాకూడదు, లైబ్రరీ పెరిగే ప్రాణి. రెండోదీ మూడోదీ చూడు. ఆ రెంటినీ నిజం చేయడానికి పాఠకుడినీ పుస్తకాన్నీ ఎరిగిన ఒక మూడో మనిషి కావాలి. ఆయన్ను నిలబెట్టింది శిక్షణ. మన ప్రభుత్వం ఇవ్వనిదీ, నువ్వు అక్కర్లేదనేదీ అదే. అనంతపురంలో లైబ్రరీ సైన్సు డిగ్రీ బీలిస్క్ చదివినప్పుడు తెలుగు సాహిత్యానికి డ్యూయీ నెంబరు 894.827 అని బట్టీ పట్టా. పిల్లలకు ఆ నెంబరు అక్కర్లేదని బడికి వచ్చినాక తెలిసింది, రంగు కాగితాలు అంటించా. కానీ ఎందుకు వర్గీకరించాలో, వచ్చిన పిల్లవాణ్ని ఏమడగాలో ఆ చదువే నేర్పింది.

తమ్ముడు: మన కర్నూలు మనిషి గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఏ బీలిస్క్ చదివాడు? రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో టీచరు కాబోతున్నవాడు. 1907లో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు వెళ్లగొట్టారు. మరుసటి ఏడు జైలుకు పోయాడు. తర్వాత గ్రంథాలయోద్యమంలో జీవితమంతా గడిపాడు. పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊరూరూ తిప్పాడు. పోస్టులు లేవని వాళ్లు ఆగలేదు. ఆంధ్రదేశంలో లైబ్రరీలు ఊరి జనం చేతుల మీదుగా పెరిగాయి. నేను పిల్లల చేతికి ఇస్తున్నది ఆ పద్ధతినే.

అక్క: వాళ్లు అంత తిరిగింది చివరికి చట్టం రావాలని. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది, సెస్సు అండగా జిల్లా గ్రంథాలయ సంస్థలు నిలదొక్కుకున్నాయి. ఉద్యమం చేసినవాళ్లే పడవ శాశ్వతం కాదని తెలుసుకున్నారు. పడవ నడిపేవాడు పోతే పుస్తకాలు ఒడ్డున పడతాయి. నీకు రేపు బదిలీ అయితే ఆ తాళ్లు ఎవరు కడతారు?

తమ్ముడు: నువ్వు రేపు మానేస్తే నీ గది ఎవరు తెరుస్తారు?

అక్క: పోస్టు ఉంటే ఇంకొకరు వస్తారు.

తమ్ముడు: ఆ సెస్సు సంగతే చూద్దాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయం ఆళ్లగడ్డలో ఉంది, నంద్యాలలో ఉంది. అక్కడ చదువుకున్న లైబ్రేరియన్ ఉండాల్సిన కుర్చీ ఉంది. ప్రతి బడికీ ఒక పోస్టు కావాలని కొట్లాడే బదులు ఆ గ్రంథాలయాన్నే పిల్లల దగ్గరికి పంపమని అడగరాదా? అహోబిలం పారువేటలో కనుమ నుంచి నెలన్నర దాకా స్వామి పల్లకీ ఊరూరూ తిరుగుతుంది. ఏ ఊరూ కొండెక్కి రావక్కర్లేదు. పుస్తకాల బండి కూడా అట్లా తిరగొచ్చు. పది బడులకు ఒక మనిషి చాలు.

అక్క: బండి రావాలి, వస్తే నేనే ఎదురుపోతా. కానీ పల్లకీ ఊళ్లో ఒక్క రోజు ఉంటుంది, పిల్లవాడికి పుస్తకం గురించి మాట్లాడాలనిపించేది చదివిన మరుసటి పూట. శాఖా గ్రంథాలయం పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు. హాలంతా పేపరు చదివే పెద్దవాళ్లు, గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షలకూ చదివే కుర్రవాళ్లు. పదమూడేళ్ల ఆడపిల్ల ఏ బెంచీ మీద కూర్చోవాల? వాళ్లమ్మ పంపుతుందా? బడిలో అయితే ఏ అనుమానమూ లేకుండా కూర్చుంటుంది. ఏడో తరగతి అయినాక ఆడపిల్ల తిరిగే చోట్లు ఎట్లా తగ్గిపోతాయో నేను రోజూ చూస్తున్నా. లైబ్రరీ గది ఆ తగ్గిపోయే చోట్లలో ఒకటి కాకూడదు.

తమ్ముడు: ఆడపిల్లల మాట తెచ్చావు గనక నేనొకటి చెప్తా. ఆగస్టు వచ్చిందంటే నా ఏడో తరగతిలో బెంచీలు ఖాళీ అవుతాయి. సీడు పత్తి క్రాసింగ్. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, మరుసటి రోజు పొద్దున్నే పుప్పొడి రుద్దాలి. చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లలనే పిలుస్తారు. డిసెంబరు దాకా అదే. వాళ్లు లేనప్పుడు ఎంత గొప్ప లైబ్రేరియన్ ఉంటే మాత్రం ఏం లాభం? ఆ ఇళ్లకు తిరిగి, తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లను వెనక్కి తెచ్చేది తరగతి టీచరే.

అక్క: ఆ పొలాల విత్తనాలు ప్యాకెట్లయ్యే కంపెనీలోనే మీ బావ పని చేసేది. మా ఇంట్లో బియ్యం ఆ జీతంతోనే వస్తున్నాయి. కాబట్టి ఆ మాట నాకు రెండు వైపులా తగులుతుంది. కానీ డిసెంబరులో తిరిగి వచ్చిన పిల్ల పరిస్థితి చూడు. నాలుగు నెలల పాఠాలు పోయాయి. ఏ సబ్జెక్టులో కూర్చున్నా వెనకబడినదే. నా గదిలో ఎక్కడ ఆపిందో అక్కడే పుస్తకం తెరుచుకోవచ్చు. ఎవరూ ఆమెను దాటిపోయి ఉండరు.

తమ్ముడు: నీ గదిలో ఆ పిల్ల లేదక్కా. నా బడిలో ఉంది.

అక్క: అందుకే ఆ పోస్టు నీ బడికి కావాలంటున్నా.

తమ్ముడు: ఇంగ నీ సంగతికి వద్దాం. ఇన్నాళ్లూ అనలేదు, ఈరోజు అంటాను. పొద్దున నంద్యాలలో పల్లెవెలుగు ఎక్కి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు, రాత్రి మళ్లీ వెనక్కి. పోనీలే, 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆ ఖర్చన్నా తగ్గింది. నీ జీతం నాదాంట్లో మూడో వంతు లేదు. వేసవి రెండు నెలలకు జీతం ఇవ్వరు. చదువేమో నాకన్నా ఒక డిగ్రీ ఎక్కువ. నీ కూతురు ఏడో తరగతి, సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చి తాళం తానే తీసుకుంటుంది. ఊరి పిల్లలందరికీ కథలు చదివి వినిపించి ఇంటికి వచ్చేసరికి నీకు గొంతు ఉండదు. అమ్మ నాతో చెప్పి బాధపడింది. ఒక్క బీఈడీ చేసి డీఎస్సీ రాసి ఉంటే నువ్వీపాటికి నా పక్కన టీచరుగా ఉండేదానివి, లైబ్రరీ కూడా నడుపుకునేదానివి.

అక్క: అమ్మ నాతో కూడా చెప్పింది. పాప విషయంలో నేను వాదించను. దానికి నేను కావలసిన గంటల్లో నేను శిరివెళ్ల దగ్గర బస్సులో ఉంటాను. ఆదివారం పొద్దున ఇద్దరం కూర్చుని చదువుకుంటాం, దానితో సరిపోతుందని నేననను. బీఈడీ మాటా ఆలోచించాను. మీ బావ సీటు కూడా వెతికాడు. కానీ నేను వెళ్లిపోతే ఆ గదిలో కంప్యూటర్లు పెడతారు, ఆ సంగతి నాకు తెలుసు.

తమ్ముడు: అక్కడే నువ్వు నష్టపోతున్నావు. నువ్వొక్కతే కాదు, అందరినీ నష్టపరుస్తున్నావు. ఇంత తక్కువకు ఇంత పని చేసే మనిషి దొరుకుతున్నంత కాలం ఆ పనికి ధర కట్టరు. మీ యాజమాన్యం అనుకుంటుంది, లైబ్రేరియన్ అంటే ఇంతే జీతమని. ప్రభుత్వం అనుకుంటుంది, పిచ్చి ప్రేమ ఉన్నవాళ్లు ఎట్లాగూ చేస్తారు, పోస్టు ఎందుకని. నీ ఓపిక మీద వాళ్లు బతుకుతున్నారు.

అక్క: ఆ మాట తిప్పి నీకు చెప్పనా? తెలుగు పాఠాలు చెప్పి, మధ్యాహ్న భోజనం లెక్కలు రాసి, ఫోనులో ఆన్‌లైన్ హాజరు వేసి, ఆ పైన తాళ్లు కట్టి లైబ్రరీ నడుపుతున్నావు. పైసా ఎక్కువ తీసుకోకుండా. నిన్ను చూసి ఎంఈఓ మిగతా బడులకు ఏమంటాడు? 'ఆయన చేయడం లేదా, మీకేం రోగం' అనడా? పోస్టు అక్కర్లేదని ప్రభుత్వానికి చూపించడానికి నాకన్నా నువ్వే పెద్ద రుజువు.

తమ్ముడు: ...అనే ఉంటాడు. అన్నాడు కూడా.

అక్క: మరి?

తమ్ముడు: మరి అంటే తాళ్లు తీసేయమంటావా?

అక్క: తీసేయమనడం లేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో 1993లో కీత్ కరీ లాన్స్ బృందం అధ్యయనం చేసింది. ఊరి పేదరికం లెక్క పక్కన పెట్టి చూసినా, లైబ్రరీ సిబ్బందీ పుస్తకాలూ బాగున్న బడుల్లో పిల్లలు చదవడంలో ముందున్నారని చెప్పింది. అట్లాంటి లెక్క మన దగ్గర ఎవరన్నా తీయాలంటే ముందు కొన్ని బడుల్లోనైనా ఆ మనిషి ఉండాలి గదా. లేని మనిషి వల్ల లాభం లేదని ఎట్లా తేలుస్తారు?

తమ్ముడు: అక్కడ మంచి లైబ్రేరియన్ ఉన్న బడిలో మంచి టీచర్లూ ఉండి ఉంటారు, దేని వల్ల ఏది జరిగిందో విడదీయడం కష్టం. అయినా నేను కాదనేది మనిషిని కాదక్కా, పోస్టు పేరుతో పని ఒక్కరి నెత్తిన పడటాన్ని. లైబ్రేరియన్ వచ్చిన మరుసటి రోజు టీచర్లందరూ చేతులు దులుపుకుంటారు. 'పుస్తకాలా? అది మేడం పని' అంటారు. మీ బడిలో ఎంతమంది టీచర్లు పుస్తకం తీసుకుంటారు?

అక్క: సైన్సు మేడం ఒక్కతే తీసుకుంటుంది. మిగతావాళ్లు పిల్లలను గదిలో వదిలి స్టాఫ్‌రూమ్‌కు పోతారు. నువ్వన్నది నిజమే. నేను ఉండటం వాళ్లకు సాకైంది. దానికి నా దగ్గర మందు లేదు.

తమ్ముడు: నా బడిలో లెక్కల సారు కూడా తాడు మీద నుంచి తీసి చదువుతాడు, పిల్లల ముందే. అది పోగొట్టుకోలేను.

అక్క: పోగొట్టుకోవద్దు. పై నెల మీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశం ఉంది గదా. తల్లులు వస్తారు. ఒక తీర్మానం రాయించు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు శిక్షణ పొందిన లైబ్రేరియన్ కావాలని, ఒక బడికి కాకపోతే మండలంలో రెండు బడులకు కలిపి ఒకరన్నా కావాలని. కాగితం మీద పడితే ఎప్పటికైనా ఒక ఫైలవుతుంది.

తమ్ముడు: నేను రాయించేదైతే చదవడం నేర్పే టీచరు కావాలని రాయిస్తా. పుస్తకాలు కొనే డబ్బు బడి చేతికే ఇవ్వాలని రాయిస్తా. పోయిన పుస్తకాలకు టీచరును పట్టుకోకూడదని, నువ్వు చెప్పిన ఆ అయిదు పుస్తకాల నియమం మాకూ కావాలని రాయిస్తా. నాలుగోది రాయిస్తే పై మూడూ పక్కకు పోతాయి. 'పోస్టు మంజూరు అయ్యేదాకా లైబ్రరీ నిలిపివేయడమైనది' అని ఒకరు రాస్తారు, నాకు తెలుసు ఆఫీసుల సంగతి.

అక్క: మూడూ మంచివే. మూడూ జరిగినా పిల్లవాడితో కూర్చునే మనిషి అందులో లేడు.

తమ్ముడు: నేను లేనా?

అక్క: ఉన్నావు, వారానికి ఒక పీరియడు. నాలుగోది కూడా రాయించు.

తమ్ముడు: తల్లులను అడుగుతా. వాళ్లు చదవడం నేర్పే టీచరునూ లైబ్రేరియన్‌నూ పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచుకోమంటే దేన్ని ఎంచుకుంటారో నీకు తెలుసు.

అక్క: ఒకటే ఎంచుకోమని వాళ్లను అడగడం ఏంది? నవోదయ పరీక్షకు పిల్లల చేత దరఖాస్తు పెట్టించే తల్లికి అక్కడ రెండూ ఉంటాయని తెలుసా? అది చెప్పి అడుగు.

తమ్ముడు: చెప్పే అడుగుతా. కానీ తీర్మానంలో ఏం రాయాలో వాళ్లే చెప్తారు, నువ్వూ నేనూ చెప్పం.

అక్క: ఆ రోజు నేను సెలవు పెట్టి వస్తా. వెనక కూర్చుంటా.

తమ్ముడు: జీతం కోస్తారు గదా.

అక్క: కోయనీ. ఎన్ని గంటలకు?